సార్‌తో మాట్లాడాం మేడమ్

కారు డాక్టరమ్మది. ఆ ముక్క ముందే చెప్పెయ్యడం మంచిది, ఎందుకంటే షోరూమ్ వాళ్లెవరికీ అది ఓ పట్టాన బుర్రకెక్కలేదు. నెలనెలా వాయిదా కట్టేది ఆవిడ. పొద్దున్నే తాళం తిప్పేది ఆవిడ. వెనక సీట్లో రబ్బరు బెల్టులూ, మడత బల్లా, నూనె సీసాలూ పడేసుకుని ఊరంతా తిరిగేది ఆవిడ. చదివింది ఫిజియోథెరపీ. భుజాలూ, నడుములూ, పక్షవాతం వచ్చిన చేతులూ అన్నీ చూస్తుంది గానీ మొదట్లో ఎవరిదో మోకాలు బాగుచేసిన పుణ్యాన మోకాళ్ల డాక్టరమ్మ అన్న పేరు స్థిరపడిపోయింది. భర్త స్కూటర్ మీద కరెంటాఫీసుకి వెళ్తాడు, బిల్లులు కట్టించుకునే కౌంటర్లో కూర్చుంటాడు. ఆయనకి కారు నడపడమే రాదు. అయినా షోరూమ్ వాళ్ల ఫోను ఎప్పుడూ ఆయనకే వస్తుంది. కొన్నరోజున నంబరు ఎవరిది రాయమంటారని అడిగితే, ఆవిడ నోరు తెరిచేలోపు ఆయన తనది చెప్పేశాడు.

మంగళవారం సాయంత్రం కూడా అలాగే వచ్చింది. అత్తగారితో కలిపి ముగ్గురూ భోజనాలకి కూర్చున్నారు. ఫోను మోగగానే ఆయన ఎడంచేత్తో తీసి, నంబరు చూసి, నోట్లో ముద్ద గబగబా మింగి, గొంతు సవరించుకున్నాడు. షోరూమ్ వాళ్లతో మాట్లాడేటప్పుడు ఆయనకి వేరే గొంతొకటి ఉంది. అది ఇంట్లో ఎప్పుడూ వినపడదు.

"ఆ, చెప్పండి... ఓకే... అవునవును... ఓకే. చేసేద్దాం."

"ఏం చేసేద్దాం?" అంది డాక్టరమ్మ.

"సర్వీసు టైమైందట. గురువారం రమ్మన్నాడు. ప్యాకేజీ ఒకటి ఉందట, మూడేళ్లకి ఒకేసారి కట్టేస్తే మనం ఇంక దేని గురించీ ఆలోచించక్కర్లేదట. శనివారం దాకానే."

"ఎంతట?"

ఆయన గ్లాసులో నీళ్లు పోసుకుంటూ, ఆ చప్పుడులో కలిపి చెప్పాడు. అది ఆవిడ రెండు నెలల సంపాదన.

"అంత పెట్టి దానికేం తినిపిస్తారట్రా?" అని అడిగింది అత్తగారు. పెద్దావిడకి చెవులు ఎవరూ అనుకోనంత బాగా పనిచేస్తాయి.

"బయట చేయిస్తే వారంటీ పోతుందమ్మా. ఇంజనుకి ఏదన్నా అయితే అప్పుడు తెలుస్తుంది."

"పోయినసారి కూడా ఇలాగే ఓకే అన్నారు," అంది డాక్టరమ్మ. "ఇంజను లోపల కడగడమట, కింద పూతట, ఏసీకి సెంటు కొట్టడమట. అవన్నీ నాకు బిల్లు దగ్గర తెలిశాయి. నేను అక్కడే కూర్చుని ఉన్నాను. నన్నెందుకు అడగలేదయ్యా అంటే, సార్‌తో మాట్లాడాం మేడమ్, అన్నాడు."

"అవసరం లేకపోతే వాళ్లెందుకు చెప్తారు? కంపెనీ వాళ్లు."

డాక్టరమ్మకి ఒళ్లు మండింది. కానీ ఈసారి సర్వీసే వద్దనడానికి లేదు. పది రోజులుగా కారు బ్రేకు వేస్తే ఎడమపక్కకి లాగుతోంది. ఆ మాట ఇంట్లో అంటే అదిగో అందుకే ప్యాకేజీ అంటారని ఊరుకుంది.

బుధవారం మధ్యాహ్నం గుట్ట మీది ఇంటికి వెళ్లింది. అక్కడ బట్టలు కుట్టే ఆవిడకి కుడి భుజం బిగుసుకుపోయింది. ఎదిగిన పిల్లల తల్లి, నోటికి అడ్డూ ఆపూ ఉండదు. డాక్టరమ్మ ఆవిణ్ణి గోడ పక్కన స్టూలు మీద కూర్చోబెట్టి, ఓ అరచెయ్యి వెనక రెక్క ఎముక మీద ఆన్చి, రెండో చేత్తో మోచెయ్యి పట్టుకుని మెల్లగా పైకెత్తింది. కొంత దూరం చెయ్యి దానంతటదే వచ్చింది. ఆ తర్వాత భుజం కదలడం మానేసి, రెక్క ఎముకే ఎగబాకడం మొదలుపెట్టింది. అక్కడ ఆపింది.

"ఇక్కడా?"

"అబ్బ, అక్కడే తల్లీ. ప్రాణం పోతోంది."

"పోదు. పోయినవారం ఇంకా కింద ఆగింది. గాలి వదలండి నెమ్మదిగా."

గాలి వదిలినప్పుడల్లా ఇంత చొప్పున ఎత్తుతూ, మధ్యలో కారు సంగతి చెప్పింది. కుట్టుపని ఆవిడ నొప్పి మరిచిపోయి తీర్పు ఇచ్చేసింది. "మా సందు చివర మెకానిక్ షెడ్డులో పడెయ్. సగానికి సగం తగ్గుతుంది. ఆ అద్దాల మేడల్లో నీకు పోసే కాఫీ ఖరీదు కూడా నీ నెత్తినే వేస్తారు."

"వారంటీ పోతుందంటున్నారు."

"ఎవరంటున్నారు? వాళ్లేగా."

నిజమే, వాళ్లే. కానీ నిజం కాకపోవడానికి కూడా వీల్లేదు కదా. రేపు ఇంజను మొండికేస్తే, నువ్వు బయట చేయించావు పొమ్మంటే, ఈ బల్లా బెల్టులూ నెత్తిన పెట్టుకుని తిరగాలి. షెడ్డువాడు మంచివాడే కావచ్చు, కాకపోవచ్చు. వాడి పనీ ఆవిడ చూడలేదు, వీళ్ల పనీ చూడలేదు. తను మాత్రం ఓ మనిషి ఒంటి మీద చెయ్యి వెయ్యకుండా నీకు ఫలానా జబ్బని ఎప్పుడూ చెప్పలేదు. డబ్బు ఎక్కువా తక్కువా అన్నది కాదు, ఎవరూ తనకి ఏమీ చూపించకపోవడమే ఆవిడకి గిట్టడం లేదు.

గుట్ట దిగేటప్పుడు మలుపులో బ్రేకు వేస్తే స్టీరింగు చేతుల్లోంచి ఎడమపక్కకి గుంజుకుంది. ఎదురుగా వస్తున్న లారీవాడు హారన్ కొట్టాడు. కింద చదునులో కారాపి దిగి చూసింది. ముందు ఎడమ చక్రం దగ్గర కాలిన వాసన. కుడిపక్కకి వెళ్లి చూసింది, అక్కడ లేదు. నీళ్లు తాగి, మిగతా దారంతా రెండో గేరులోనే నడుపుకుంటూ ఇంటికొచ్చింది.

గురువారం పొద్దున్న షోరూమ్‌లో టై కట్టుకున్న అబ్బాయి ఎదురొచ్చాడు. చంకలో టాబ్లెట్, మొహం నిండా నవ్వు. సర్వీసు చేసేది వేరేవాళ్లు, ఈ అబ్బాయి పని కస్టమర్లతో మాట్లాడటం. ఆవిడ వెనక ఎవరైనా ఉన్నారేమోనని ఓసారి తొంగి చూశాడు.

"సార్ రాలేదా మేడమ్?"

"సార్‌కి ఆఫీసుంది. బ్రేకు వేస్తే ఎడమకి లాగుతోంది. ముందు ఎడమ చక్రం దగ్గర కాలిన వాసనొస్తోంది. కుడిపక్క రావడం లేదు. ముందు అది చూడండి."

"అలైన్‌మెంట్ అయ్యుంటుంది మేడమ్. అన్నీ చూస్తాం. మీరు లోపల కూర్చోండి, ఏసీ ఉంది." తాళం తీసుకుని టాబ్లెట్‌లో ఏదో నొక్కాడు. ఎడమ అని ఆవిడ రెండుసార్లు అంది. వాడు నొక్కింది ఒకేసారి.

లోపల మెత్తటి సోఫాలు, టీవీలో చప్పుడు లేని వార్తలు, కాఫీ మెషీను. ఓ పక్క గోడంతా అద్దం. అద్దం అవతల పనిచేసే చోటు. నాలుగు లిఫ్టుల మీద నాలుగు కార్లు పొట్టలు చూపిస్తూ ఉన్నాయి. వాటిలో తనది లేదు. వంతు వస్తుందిలే అనుకుని ఓ పేషెంటుతో ఫోన్లో మాట్లాడింది, ఇంకో పేషెంటుకి మధ్యాహ్నానికి మార్చింది. కాఫీ చల్లారిపోయింది.

అప్పుడు భర్త ఫోన్ చేశాడు.

"బ్రేక్ ప్యాడ్లు నాలుగూ అయిపోయాయట. డిస్కులు కూడా సానపట్టాలట. విప్పి చూశారట. చాలా డేంజరన్నాడు. మార్చేయమన్నాను."

ఆవిడ నిజంగానే భయపడింది. నిన్నటి లారీ కళ్లముందు ఆడింది. వాళ్లు చూశారు కాబట్టి సరిపోయింది, అనవసరంగా తిట్టుకున్నాను అని కూడా అనుకుంది. "సరే," అని ఫోను పెట్టేసింది. ఇంకా ఆలస్యమయ్యేట్టుంది, కారులో పెట్టుకున్న భోజనం డబ్బా తెచ్చుకుందామని లేచి, పక్క తలుపులోంచి వెనక ఆవరణలోకి వెళ్లింది.

రేకుల షెడ్డు కింద వరసగా కార్లు. అందులో తనది, పొద్దున్న తను ఎక్కడ ఆపిందో అక్కడే ఉంది. ఆవిడ ఓ క్షణం అర్థంకాక నిలబడింది. విప్పి చూసి మళ్లీ తెచ్చి పెట్టారేమో. బానెట్ మీద చెయ్యి పెట్టింది, చల్లగా ఉంది. కిటికీలోంచి చూస్తే స్టీరింగు ముందర, పొద్దున్న దిగేటప్పుడు తను తీసి పెట్టిన చోటే, పక్షవాతం పేషెంట్లు పిసుక్కునే పచ్చ బంతి అలాగే కూర్చుని ఉంది. ఆ బంతి సంగతి ఆవిడకి బాగా తెలుసు. కారు ఇంత కదిలితే చాలు, దొర్లి సీటు కింద పడుతుంది. రోజుకి ఎన్నిసార్లు వంగి తీసుకుంటుందో. చక్రాల పక్కన వంగి చూసింది. పొద్దున్న వచ్చేటప్పుడు తొక్కిన బురద బోల్టుల మీద ఎండిపోయి, చెక్కు చెదరకుండా ఉంది.

ఎవరూ ముట్టుకోలేదు. చక్రం మాట దేవుడెరుగు, తలుపు కూడా తియ్యలేదు.

ఆవిడ డబ్బా తీసుకోలేదు. తిన్నగా లోపలికి వెళ్లింది. టై అబ్బాయి ఇంకో కస్టమరుతో నవ్వుతూ మాట్లాడుతున్నాడు.

"బాబూ, నా కారు బ్రేకులు చూశారా?"

"చూశాం మేడమ్. సార్‌తో మాట్లాడాం. సార్ ఓకే చెప్పారు."

"ఎవరు చూశారు?"

"టెక్నీషియన్ మేడమ్."

"ఎక్కడ చూశాడు?"

"లిఫ్టు మీద మేడమ్."

"పద, చూపించు."

వాడి నవ్వు కొంచెం పక్కకి జరిగింది. పక్కనున్న కస్టమరు కూడా ఇటు తిరిగాడు. ముగ్గురూ షెడ్డు దగ్గరికి నడిచారు, పిలవకపోయినా ఆ కస్టమరు కూడా వచ్చాడు. ఆవిడ ఏమీ అనలేదు, బోల్టుల మీది బురద వేలితో చూపించింది. వాడు చూశాడు. టై సరిచేసుకున్నాడు.

"అది... మీరు తిరిగిన కిలోమీటర్లని బట్టి మేడమ్. ఈపాటికి అరిగిపోయి ఉండాలి. పైగా మీరే బ్రేకు కంప్లైంట్ చెప్పారు కదా."

"నేను చెప్పింది ఎడమ. నువ్వు చెప్పింది నాలుగు."

"మాకూ టార్గెట్లు ఉంటాయి మేడమ్," అన్నాడు గొంతు తగ్గించి. అబద్ధమాడుతూ దొరికినవాడు ఇలా నిజం చెప్పేస్తే జాలిపడాలని వాడి ఉద్దేశం కాబోలు. ఆవిడకి జాలి కలగలేదు.

"నీ టార్గెట్టుకి నేను లారీ కింద పడాలా? కారు ఇప్పుడు లిఫ్టు ఎక్కాలి. చక్రం నా ముందు విప్పాలి."

"కస్టమర్లు లోపలికి రాకూడదు మేడమ్. సేఫ్టీ." పనిచేసే చోటు గుమ్మంలో నేల మీద పసుప్పచ్చ గీత ఉంది, పైన బోర్డు ఉంది.

"మనం మాట్లాడుకుంటున్నదే నా సేఫ్టీ గురించి," అని గీత దాటి లోపలికి వెళ్లి, ఖాళీగా ఉన్న లిఫ్టు పక్కన చేతులు కట్టుకుని నిలబడింది. ఆవిణ్ణి చెయ్యి పట్టుకుని బయటికి లాగే ధైర్యం అక్కడెవరికీ లేకపోయింది. ఓ పదిమంది పనులాపి చూశారు. ఆవిడ కదల్లేదు.

కారు తెచ్చారు. లేపారు. మెకానిక్కు నడివయసు మనిషి, ఎవరి మొహం చూడకుండా తన పని తను చేసుకున్నాడు. ముందు కుడి చక్రం విప్పించింది ఆవిడ. ప్యాడ్లు బయటికి తీశాడు. దళసరిగా ఉన్నాయి, ఇంకా చాలాకాలం వస్తాయని చూస్తేనే తెలుస్తోంది. తర్వాత ఎడమది విప్పాడు. ఆ ప్యాడ్లు ఆవిడ చేతిలో పెట్టాడు. రేకు మిగిలింది, అంతే. డిస్కు నీలంగా కమిలిపోయింది.

టై అబ్బాయికి ప్రాణం లేచొచ్చింది. "చూశారా మేడమ్? మేం చెప్పలేదూ?"

వెంట వచ్చిన కస్టమరు కూడా తలూపాడు, ఇంతకీ కుర్రాడి మాటే నిజమైందన్నట్టు. ఆవిడకి చెంపలు మండాయి. నలుగురి ముందూ ఇంత రాద్ధాంతం చేసింది, తీరా చూస్తే ప్యాడ్ అయిపోయే ఉంది. ఇక్కడ ఇంకెవరైనా అయితే సారీ చెప్పి సోఫాలోకి వెళ్లి కూర్చుంటారు. ఆవిడ ఆ ప్యాడ్‌ని అటూ ఇటూ తిప్పి చూసి, మెకానిక్కుని అడిగింది.

"అన్నా, ఒకేసారి వేసిన రెండు కాళ్ల చెప్పుల్లో ఒకటే ఇలా అరిగిపోతే, నేనైతే చెప్పుని చూడను, కాలుని చూస్తాను. ఇదెందుకు అరిగింది?"

మెకానిక్కు టై అబ్బాయి వంక ఓసారి చూశాడు. తర్వాత ఓ పనిముట్టు తీసుకుని, ప్యాడ్‌ని డిస్కుకి అదిమే పిస్టన్‌ని వెనక్కి నొక్కాడు. అది కదల్లేదు. ఇంకా బలంగా నొక్కాడు. కదల్లేదు.

"పట్టేసింది," అన్నాడు. "బ్రేకు వదిలేసినా ఇది వదలడం లేదు. కొత్త ప్యాడ్లు వేసినా నెలకే ఇలా అవుతాయి. ఇది మొత్తం మార్చాలి."

"వారంటీలో వస్తుందా?"

"ఇది వస్తుంది."

"ప్యాడ్లు?"

"ప్యాడ్లు మీరే కొనుక్కోవాలి."

ఆవిడ టై అబ్బాయి వైపు తిరిగింది. "అంటే కంపెనీ సొమ్ముతో చెయ్యాల్సింది వదిలేసి, నా సొమ్ముతో చేసేది రాశావు. ఆ గుట్ట మీంచి నేను మళ్లీ ఇలాగే దిగేదాన్ని. నువ్వు చెప్పింది నిజమైంది బాబూ, కాదనను. కానీ నువ్వు చూసి చెప్పలేదు. చూడకుండా చెప్పింది నిజమైనా నాకు పనికిరాదు."

పార్టు శనివారం వస్తుందని మెకానిక్కే చెప్పాడు. ఆవిడ బంతీ, భోజనం డబ్బా, బెల్టుల సంచీ తీసుకుని ఆటోలో వెళ్లిపోయింది.

శుక్రవారం పొద్దున్న ఇల్లంతా ముభావంగా ఉంది. ఆయన చొక్కా ఇస్త్రీ చేసుకుంటున్నాడు, అవసరం కంటే గట్టిగా రుద్దుతున్నాడు.

"నన్నడిగారు, చెప్పాను. విప్పలేదని నాకేం తెలుసు? నలుగుర్లో నన్ను వెధవని చేశావు."

"మిమ్మల్ని చేసింది నేను కాదు. ఒక్కసారి వద్దని అనొచ్చు కదా. నన్నడిగి చెప్తానని అనొచ్చు కదా. ఎందుకనరు?"

ఆయన చాలాసేపు కాలరు మీదే ఇస్త్రీ తిప్పాడు. "వద్దంటే డబ్బుల్లేవనుకుంటాడు," అన్నాడు చివరికి. "నిన్నడగాలంటే... ఇంకేదో అనుకుంటాడు. పొద్దస్తమానం ఆ కౌంటర్లో తిట్లు తింటాను. బిల్లెక్కువొచ్చిందని ఒకడు, లైను కదలట్లేదని ఒకడు. నన్ను సార్ అని పిలిచి, ఏం చెయ్యమంటారని అడిగేది లోకంలో ఆ అబ్బాయొక్కడే."

ఆ మాటకి డాక్టరమ్మకి జాలేసింది. పెళ్లయిన ఇన్నేళ్లలో ఆయన ఇంత తిన్నగా ఎప్పుడూ మాట్లాడలేదు. కానీ జాలేసినంత మాత్రాన కోపం తగ్గలేదు, రెండూ పక్కపక్కనే ఉన్నాయి.

వంటింట్లోంచి అత్తగారు అందుకుంది. "సార్ అనిపించుకోడానికి అంత ఖర్చెందుకురా? నేనంటాలే రోజూ పొద్దున్నా సాయంత్రం. కాఫీ తాగు సార్, చల్లారిపోతోంది."

డాక్టరమ్మకి నవ్వొచ్చింది. ఆయనకి రాలేదు. అయినా కాఫీ తాగి, వెళ్తూ వెళ్తూ గుమ్మంలో ఆగి, "గుట్ట మీద లారీ అన్నావే, నిజంగా అంత దగ్గరికొచ్చిందా?" అని అడిగాడు. వచ్చిందంది. ఆయన హెల్మెట్ పెట్టుకుని, స్కూటర్ బ్రేకు ఓసారి నొక్కి చూసుకుని వెళ్లిపోయాడు.

శనివారం కారు తీసుకునే ముందు మెకానిక్కుని పక్కన కూర్చోబెట్టుకుని రోడ్డు చివరిదాకా నడిపి, గట్టిగా బ్రేకు వేసింది. కారు గీత గీసినట్టు తిన్నగా ఆగింది. స్టీరింగు వదిలేసి మళ్లీ వేసి చూసింది, మళ్లీ తిన్నగానే. వెనక్కొచ్చి కౌంటరు దగ్గర టై అబ్బాయి ముందు కూర్చుంది. నూనె మార్పు, ఫిల్టరు, ముందు ప్యాడ్ల జత, అంతవరకే డబ్బు ఇచ్చింది. పట్టేసిన భాగంతో పాటు కమిలిన డిస్కు కూడా కంపెనీ ఖాతాలోనే వేయించింది, దానికి గంట వాదించాల్సి వచ్చింది.

"మరి ప్యాకేజీ మేడమ్? ఈరోజే ఆఖరు."

"వద్దు. టైముకి కారు తెస్తాను, ఇక్కడికే తెస్తాను, వారంటీ ఉన్నన్నాళ్లూ. ఏది విప్పితే అది నా ముందు విప్పాలి. చేసినదానికి ఇస్తాను, చెయ్యబోయేదానికి ముందే ఇవ్వను. ఇంకొకటి, ఫోన్ నంబరు మార్చు."

"అది సిస్టమ్‌లో మేడమ్, పాత నంబరుకి ఓటీపీ వెళ్తుంది. సార్ చెప్పాలి."

ఇదీ సంగతి. ఆవిడ కారుకి ఆవిడ నంబరు వెయ్యాలన్నా సార్ చెప్పాలి. పళ్లు నూరుకుని భర్తకి ఫోన్ చేసింది. అటునుంచి కౌంటరు గోల వినపడుతోంది, ఎవరో ఆయన్ని కేకలేస్తున్నారు.

"మీకో ఓటీపీ వచ్చిందా?"

"వచ్చింది. అది ఎవరికీ చెప్పకూడదంటారే."

"షోరూమ్‌ది. నంబరు మారుస్తున్నాను. ఇకనుంచి వాళ్లు నాకే చేస్తారు."

కేకలు వేసేవాడు ఇంకా వేస్తున్నాడు. ఇక ఆయన చెప్పడేమో అనుకుంది ఆవిడ, చెప్పకపోతే కారు ఇక్కడే వదిలేసి ఆయన ఆఫీసుకి వెళ్లి ఆ లైన్లో నిలబడి తీసుకోవాలని కూడా నిశ్చయించుకుంది.

"రాసుకో," అన్నాడు ఆయన. ఒక్కో అంకె విడివిడిగా, నిదానంగా చెప్పాడు.

ఆవరణలో కారెక్కి తలుపు వేసుకుందో లేదో ఫోను మోగింది. తెలియని నంబరు. ఎవరో ఆడపిల్ల గొంతు, కాగితం చూసి చదువుతున్నట్టుంది.

"నమస్తే మేడమ్, సర్వీస్ సెంటర్ నుంచి. సార్ ఉన్నారా?"

"లేరు. కారు నాది. చెప్పమ్మా."

"మెయింటెనెన్స్ ప్యాకేజీ గురించి మేడమ్. ఈరోజు సాయంత్రం దాకానే అవకాశం. సార్‌ని ఒక్కసారి అడిగి చెప్తారా?"

"సార్‌ని కాదమ్మా, ఓనర్ని అడగాలి."

"సరే మేడమ్, ఓనర్ని అడిగి..."

"అడిగాను. వద్దంది."

అటుపక్క ఆ పిల్ల చదవడం ఆపేసింది. తర్వాత, కాగితంలో లేని గొంతుతో, "అలాగే మేడమ్, అదే రాసుకుంటున్నాను," అంది.